లెక్క ఎవరి చేతిలో ఉంది?

2019 జులై 14, ఆదివారం. ఆ సాయంత్రం హైదరాబాద్‌లోని మా ఇంటి ముందుగదిలో మూడు తెరలు వెలుగుతున్నాయి. టీవీలో లార్డ్స్ మైదానం నుంచి ప్రపంచకప్ క్రికెట్ ఫైనల్, నా లాప్‌టాప్‌లో వింబుల్డన్ పురుషుల ఫైనల్, తమ్ముడి ఫోన్‌లో సిల్వర్‌స్టోన్ నుంచి బ్రిటిష్ గ్రాండ్ ప్రి కార్ల రేసు. మూడూ ఒకే దేశంలో, ఒకే రోజున, చాలాసేపు ఒకే వేళకు జరిగాయి. మన జట్టు నాలుగు రోజుల ముందే మాంచెస్టర్‌లో న్యూజిలాండ్ చేతిలో 18 పరుగుల తేడాతో ఓడి ఇంటిదారి పట్టింది. అయినా బాబాయి న్యూజిలాండ్ గెలవాలనే కోరుకుంటూ కూర్చున్నారు. మనల్ని ఓడించినవాళ్లే కప్పు ఎత్తితే మన ఓటమికి కాస్త మర్యాద దక్కుతుందని ఆయన వాదన. అమ్మ వంటగదిలోంచి వచ్చి, "ఒక్కటైనా కుదురుగా చూడండిరా" అని పెసరట్లు పెట్టి వెళ్లింది.

సిల్వర్‌స్టోన్‌లో పోల్, అంటే అందరికంటే ముందు నుంచి రేసు మొదలుపెట్టే చోటు, సాధించిన వాల్తేరి బొటాస్ రెండో స్థానంలో ముగించాడు, లూయిస్ హామిల్టన్ గెలిచాడు. వింబుల్డన్‌లో రోజర్ ఫెదరర్ మొత్తం 218 పాయింట్లు, నొవాక్ జొకోవిచ్ 204 పాయింట్లు గెలిచారు, ట్రోఫీ జొకోవిచ్‌ది. లార్డ్స్‌లో ఇంగ్లండ్, న్యూజిలాండ్ చెరి 241 పరుగులు చేసి, సూపర్ ఓవర్‌లోనూ చెరి 15 పరుగులు చేశాయి, కప్పు ఇంగ్లండ్‌ది. అర్ధరాత్రికి ముగ్గురమూ మూడు అన్యాయాలు మోసుకుంటూ కూర్చున్నాం. తమ్ముడికి బొటాస్ గురించి బాధ, నాకు ఫెదరర్ గురించి, బాబాయికి న్యూజిలాండ్ గురించి. మూడింటికీ మేము వాడిన మాట ఒక్కటే: "గెలవాల్సినవాడు గెలవలేదు."

ఆ తర్వాతి ఏళ్లలో ఏ పెద్ద ఫలితం వచ్చినా అభిమానుల మధ్య ఈ మాటే వింటున్నాను, నేనూ అంటున్నాను. ఇప్పుడు మాత్రం ఆ మూడింటినీ ఒకే గాటన కట్టడం తప్పని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఆటలో విజేతను తేల్చే లెక్క ఆటగాడి చేతిలో ఉందా, లేదా అన్నదే ముందు అడగవలసిన ప్రశ్న. లెక్క అతని చేతిలో ఉంటే, అది ఎంత వింతగా కనిపించినా ఫలితం న్యాయమైనదే. అతని చేతిలో లేని లెక్కతో విజేతను తేల్చితే, ఆ నియమం పుస్తకంలో ఎంత ముందుగా రాసి ఉన్నా ఫిర్యాదు చేసే హక్కు మనకు ఉంటుంది.

ఫెదరర్ సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే ఆ బాధ నాది. అయిదో సెట్‌లో 8-7 ఆధిక్యంతో సర్వీస్ అతని చేతికి వచ్చింది, స్కోరు 40-15కు చేరింది. రెండు ఛాంపియన్‌షిప్ పాయింట్లు. మరికొన్ని వారాల్లో 38 ఏళ్లు నిండబోతున్న మనిషి, పచ్చిక మీద తన తొమ్మిదో వింబుల్డన్‌కు ఒక్క పాయింట్ దూరంలో ఉన్నాడు. మొదటిదానిలో అతని ఫోర్‌హ్యాండ్ పక్కకు పోయింది. రెండోదానికి అతను నెట్ దగ్గరకు దూసుకొచ్చాడు. జొకోవిచ్ కొట్టిన బంతి అడ్డంగా అతన్ని దాటిపోయి గీత లోపల పడింది. నేను లాప్‌టాప్ మూత సగం వంచి, మళ్లీ తెరిచాను. 4 గంటల 57 నిమిషాల తర్వాత స్కోరు 7-6, 1-6, 7-6, 4-6, 13-12. ఏస్‌లు, విన్నర్లు, మొత్తం పాయింట్లు, ఈ మూడింటిలోనూ ఫెదరరే ముందున్నాడు. కొన్ని నెలలపాటు ఆ 218, 204 అంకెలను ఎదురైన ప్రతివారికీ అప్పజెప్పాను.

ఒకరోజు ఆ అంకెలనే విడదీసి చూశాను. ఆ మ్యాచ్‌లో సమమైన సెట్‌ను తేల్చే టైబ్రేక్‌లు మూడు జరిగాయి, మూడూ జొకోవిచ్ గెలిచాడు: 7-5, 7-4, 7-3. అంటే టైబ్రేక్‌లలో అతనికి 21 పాయింట్లు, ఫెదరర్‌కు 12. మిగిలిన మ్యాచ్ అంతటిలోనూ ఫెదరర్‌వి 206, జొకోవిచ్‌వి 183. టెన్నిస్‌లో ప్రతి గేమ్ చివర పలక తుడిచేస్తారు. ప్రత్యర్థి గేమ్‌ను 40-0తో గెలిచినా, పదిసార్లు డ్యూస్ (40-40 సమస్థితి) దాటి గెలిచినా అది ఒక్క గేమే. రెండో సెట్ 1-6తో పోతున్నప్పుడు జొకోవిచ్ దానికోసం ప్రాణం పెట్టలేదు, పెట్టనవసరం లేదని అతనికి తెలుసు. టైబ్రేక్‌లో ఒక్కో పాయింట్ మిగతా పాయింట్లకంటే ఎన్నో రెట్లు బరువైనదనీ తెలుసు. ఆ మూడు టైబ్రేక్‌లలో అతను అనవసరపు తప్పులు దాదాపు చేయలేదు. నిర్ణాయక సెట్‌లో 12-12 దగ్గర టైబ్రేక్ ఆడించాలన్న నియమం వింబుల్డన్‌లో ఆ ఏడాదే వచ్చింది. ముందటి ఏడాది సెమీఫైనల్‌లో కెవిన్ ఆండర్సన్, జాన్ ఇస్నర్ చివరి సెట్‌ను 26-24 దాకా లాగిన ఫలితమది. ఫెదరర్‌కూ ఆ నియమం తెలుసు, పైగా అంతవరకు వచ్చే అవసరం లేకుండా చేసే పాయింట్లు రెండు అతని రాకెట్ మీదే ఉన్నాయి. ఇంతకంటే ఆటగాడి చేతిలో ఉన్న లెక్క మరొకటి ఉండదు.

2010లో ఇస్నర్ చేతిలో 70-68తో అయిదో సెట్ ఓడిన నికొలా మహూ ఆ మ్యాచ్‌లో 502 పాయింట్లు గెలిచాడు, ఇస్నర్‌వి 478. 2025 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్లో యానిక్ సినర్ 193 పాయింట్లు గెలిచి, 192 గెలిచిన కార్లోస్ అల్కరాస్ చేతిలో 5 గంటల 29 నిమిషాల తర్వాత ఓడాడు. నాలుగో సెట్‌లో 5-3 దగ్గర అల్కరాస్ సర్వీస్‌లో సినర్‌కు వరుసగా మూడు ఛాంపియన్‌షిప్ పాయింట్లు దొరికాయి. వాటిని కాచుకున్నవాడు ఆఖరి టైబ్రేక్‌ను 10-2తో ముగించాడు. ఆ రాత్రి సినర్ కోసం నా మనసు కష్టపడింది, కానీ ఈసారి "అన్యాయం" అన్న మాట నా నోటి నుంచి రాలేదు.

మోటారు పందేలలో ఈ లెక్క ఒక మధ్యాహ్నంతో తెగదు, సీజన్ పొడుగునా సాగుతుంది. అందుకే అక్కడ మన జ్ఞాపకం ఎక్కువ మోసం చేస్తుంది. 2025 ఫార్ములా వన్ సీజన్‌లో మాక్స్ వెర్స్టాపెన్ 8 రేసులు గెలిచాడు, లాండో నోరిస్ 7. ఛాంపియన్ నోరిస్, 423 పాయింట్లతో, వెర్స్టాపెన్‌కు 421. ఆఖరి రేసు అబుదాబిలో గెలిచింది కూడా వెర్స్టాపెనే, నోరిస్ మూడో స్థానంలో వచ్చి పని ముగించుకున్నాడు. ఎక్కువ రేసులు గెలిచి, చివరి రోజూ గెలిచినవాడు ఛాంపియన్ కాకపోవడం ఏమిటని తమ్ముడు వారం రోజులు వాదించాడు. నేను అతనికి జూన్ 1న జరిగిన స్పెయిన్ రేసును గుర్తు చేశాను. అక్కడ చివరి ల్యాపుల్లో జార్జ్ రసెల్‌ను ఢీకొన్నందుకు వెర్స్టాపెన్‌కు 10 సెకన్ల శిక్ష పడింది. అయిదో స్థానంలో ఉన్నవాడు పదో స్థానానికి జారాడు. అయిదో స్థానానికి 10 పాయింట్లు, పదో స్థానానికి ఒకటి. అంటే ఒక్క క్షణం కోపానికి 9 పాయింట్లు పోయాయి, డిసెంబరులో అతనికి తక్కువైనవి రెండు. జూన్‌లో కాలిపోయిన పాయింట్లకూ డిసెంబరులో ట్రోఫీ పక్కన కనిపించే పాయింట్లకూ విలువ ఒకటే, మన కళ్లే రెండో వాటి మీద ఉంటాయి. అలాగని నోరిస్ బృందం కూడా తప్పులు చేయకపోలేదు. లాస్ వేగస్‌లో కారు అడుగుపలక నియమం కంటే ఎక్కువ అరిగిపోయిందని మెక్‌లారెన్ కార్లు రెండింటినీ అనర్హులుగా ప్రకటించారు. తప్పులన్నీ లెక్కలోకి వచ్చాకే ఆ రెండు పాయింట్ల తేడా మిగిలింది.

పాత పట్టికలు చూస్తే ఈ పందెంలో లెక్కించే పద్ధతే ఛాంపియన్‌ను ఎలా ఎంచుకుంటుందో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1988లో అలెన్ ప్రోస్ట్ మొత్తం 105 పాయింట్లు తెచ్చుకున్నాడు, అయర్టన్ సెన్నా 94. అయితే ఆ రోజుల్లో ఒక్కొక్కరి అత్యుత్తమ ఫలితాలు 11 మాత్రమే లెక్కించేవారు, దాంతో సెన్నాకు 90, ప్రోస్ట్‌కు 87 మిగిలాయి. ఎక్కువ రేసులు గెలిచినవాడికి మేలు చేసే లెక్క అది. సెన్నా 8 గెలిచాడు, ప్రోస్ట్ 7. ఇద్దరికీ జనవరిలోనే తెలిసిన నియమమది. ప్రోస్ట్ మీద నాకున్న గౌరవం కొండంత, అయినా ఆ ఏడాది సెన్నాదే.

దానికి నాలుగేళ్ల ముందు, 1984లో జరిగింది నన్ను ఇంకా పట్టి ఉంచుతుంది. నికీ లౌడా 72 పాయింట్లతో ఛాంపియన్, ప్రోస్ట్ 71.5తో రెండో స్థానం. ఆ అర పాయింట్ మొనాకో వానలోంచి వచ్చింది. కుండపోతలో రేసును మధ్యలోనే ఆపేసి సగం పాయింట్లు ఇచ్చారు, గెలిచిన ప్రోస్ట్‌కు 9కి బదులు 4.5 దక్కాయి. వెనక నుంచి సెన్నా తరుముకొస్తున్న వేళ రేసును ఆపడం ఆ రోజు ప్రోస్ట్‌కు మేలు చేసినట్టే కనిపించింది. రేసు పూర్తిగా సాగి అతను రెండో స్థానంలో ముగించి ఉంటే 6 పాయింట్లు వచ్చేవి, ఛాంపియన్ అయ్యేవాడు. వాన ఎవరి చేతిలోనూ లేదు. అయితే ఆ వానలో నడిపినవాళ్లందరికీ అదే వాన, అదే సగం లెక్క. ఇక్కడ దురదృష్టం అంటాను, అన్యాయం అనలేను.

సిల్వర్‌స్టోన్ గురించి తమ్ముడి ఫిర్యాదు కూడా ఇలాంటిదే. బొటాస్ సెకనులో వెయ్యింట ఆరు వంతుల తేడాతో హామిల్టన్ నుంచి పోల్ లాక్కున్నాడు, మొదటి ల్యాపుల్లో అతన్ని చక్కగా నిలువరించాడు, ముందుగా పిట్‌లోకి వెళ్లి టైర్లు మార్చుకున్నాడు. హామిల్టన్ బయటే ఉండిపోయాడు. అంతలో ఆంటోనియో జొవినాజ్జి కారు ట్రాక్ తప్పి కంకరలో చిక్కుకుంది, సేఫ్టీ కార్ వచ్చింది, అందరూ నెమ్మదించిన ఆ వ్యవధిలో హామిల్టన్ టైర్లు మార్చుకుని ముందుకు వచ్చేశాడు. చూడటానికి ఇది లాటరీలా ఉంటుంది. కానీ బొటాస్ మళ్లీ మీడియం టైర్లే వేసుకున్నాడు, రెండు రకాల టైర్లు వాడి తీరాలన్న నియమం వల్ల అతను ఎలాగూ ఇంకోసారి ఆగవలసిందే. పాత టైర్లతో వేగం తగ్గకుండా బయట ఉండగలిగినవాడికే ఇలాంటి అవకాశం దొరుకుతుంది. హామిల్టన్ చివరి ల్యాపులో, అదీ అప్పటికే చాలా దూరం నడిచిన టైర్లతో, రేసు మొత్తానికి వేగవంతమైన ల్యాప్ నమోదు చేశాడు.

రేసులో లెక్క ఎలా కనిపించకుండా పనిచేస్తుందో నేను చేతికి అందేంత దగ్గరగా చూసింది మన హుస్సేన్‌సాగర్ ఒడ్డునే. 2023 ఫిబ్రవరి 11న అక్కడ విద్యుత్ కార్ల ఫార్ములా ఇ రేసు జరిగింది. గ్యాలరీలో మా ముందు తీగలు అల్లిన కంచె, దాని వెనక కాంక్రీటు గోడ, ఆ గోడను రాసుకుంటున్నట్టుగా కార్లు పోతుంటే పెట్రోలు ఇంజిన్ గర్జన లేదు. చెవి పక్కన తుమ్మెద తిరిగినట్టు సన్నని రొద, రోడ్డు మీద టైర్ల రాపిడి మాత్రమే. చివరి ల్యాపుల్లో జాన్ ఎరిక్ వెర్న్య ముందున్నాడు, నిక్ క్యాసిడీ అతని వెనక అతుక్కుని వస్తున్నాడు. నా పక్కన కూర్చున్న పెద్దాయన, "వెనకవాడు వేగంగానే ఉన్నాడుగా బాబూ, దాటడేం?" అని అడిగారు. కార్లన్నింటికీ వాడుకోవడానికి ఒకే కొలతలో కరెంటు ఇస్తారనీ, ముందున్నవాడి దగ్గర క్యాసిడీ కంటే తక్కువ మిగిలిందనీ, అందుకే అతను నేరుగా సాగే దారిలో పొదుపు చేస్తూ మలుపుల దగ్గర దారి మూసేస్తున్నాడనీ చెప్పాను. ఆయన ఆ తర్వాత కార్లను చూడటం మానేసి పెద్ద తెర మీద మిగిలిన చార్జీ శాతాలనే చూశారు. వెర్న్య అర సెకను తేడా కూడా లేకుండా గెలిచినప్పుడు ఆయన లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. లెక్క అర్థమయ్యాక, మెల్లగా వెళ్లడమే గొప్ప డ్రైవింగ్ అయింది.

ఇప్పుడు బాబాయి బాధ దగ్గరకు వస్తాను. లార్డ్స్‌లో ఆఖరి ఓవర్‌లో ఇంగ్లండ్‌కు 15 పరుగులు కావాలి. మూడు బంతుల్లో 9 అవసరమైన దశలో మార్టిన్ గప్టిల్ విసిరిన బంతి, రెండో పరుగు కోసం దూకిన బెన్ స్టోక్స్ బ్యాటుకు తగిలి బౌండరీ దాటింది. స్టోక్స్ మోకాళ్ల మీదే చేతులెత్తి క్షమించమన్నట్టు చూశాడు. అంపైర్ 6 పరుగులు ఇచ్చారు. బంతి విసిరిన క్షణానికి రెండో పరుగులో బ్యాటర్లు ఒకరినొకరు దాటలేదు కాబట్టి నియమం ప్రకారం 5 రావాలి. ఆ సంగతి తర్వాత ఆ అంపైరే ఒప్పుకున్నారు. ఈ పొరపాటు మీద నాకు పెద్ద కోపం లేదు. లార్డ్స్ హోరులో, క్షణంలో, ఒక మనిషి రెండు చోట్ల ఒకేసారి చూడలేక చేసిన తప్పు అది.

నా అభ్యంతరం ఆ తర్వాతి దాని మీద. ప్రధాన మ్యాచ్ సమం, సూపర్ ఓవర్ సమం. అప్పుడు ఎవరు ఎక్కువ బౌండరీలు కొట్టారో చూశారు: ఇంగ్లండ్ 26, న్యూజిలాండ్ 17. "నియమం ముందే ఉందిగా, టెన్నిస్‌కు ఒప్పుకున్నవాడివి దీనికెందుకు ఒప్పుకోవు?" అని తమ్ముడు నన్ను నిలదీశాడు. మంచి ప్రశ్న, దీనికి జవాబు వెతకడానికి నాకు కొంత కాలం పట్టింది. టెన్నిస్‌లో గేమ్, సెట్ అన్నవి ఆటకు ఎముకలు. మొదటి బంతి నుంచి ఇద్దరూ వాటికోసమే ఆడతారు. క్రికెట్‌లో పరుగు పరుగే. బంతిని సందులోకి నెట్టి పరుగెత్తి తీసిన నాలుగు పరుగులు, తాడు దాటించిన నాలుగు పరుగులు ఎప్పుడూ సమానమే. ముందు బ్యాటింగ్ చేసిన న్యూజిలాండ్, మ్యాచ్ సమమవుతుందనీ, తర్వాతిదీ సమమవుతుందనీ ఊహించి, రెండు పరుగులు వదులుకుని బౌండరీ కోసం ప్రయత్నించి ఉండాలా? అలా ఆడే జట్టును మనం తెలివితక్కువ జట్టంటాం. సూపర్ ఓవర్ చివరి బంతికి సమం చేస్తే చాలదనీ, రెండు పరుగులు కావాలనీ న్యూజిలాండ్‌కు తెలుసన్నది నిజమే. అయితే అప్పటికి బౌండరీల లోటును పూడ్చే దారి వాళ్లకు లేదు. ఆట అయిపోయాక వెనక్కి తిరిగి, ఆటలో ఎవరూ గురి పెట్టని ఒక సంఖ్యను తీసి దాంతో విజేతను తేల్చారు. ఐసీసీకీ ఇది నిలబడదని తెలిసింది. మూడు నెలలకే, అక్టోబరులో ఆ నియమాన్ని తీసేసి, నాకౌట్‌లో ఎవరో ఒకరు గెలిచేదాకా సూపర్ ఓవర్లు ఆడించాలని మార్చింది.

2021 డిసెంబరు అబుదాబి ఇంకొక రకం. హామిల్టన్, వెర్స్టాపెన్ చెరి 369.5 పాయింట్లతో ఆఖరి రేసుకు వచ్చారు. హామిల్టన్ హాయిగా ముందున్నాడు. 58 ల్యాపుల రేసులో 53వ ల్యాప్‌లో నికొలస్ లతీఫి కారు గోడకు కొట్టుకుంది. ఒక ల్యాప్ వెనకబడిన కార్లు ఎనిమిది ఉంటే, హామిల్టన్‌కూ వెర్స్టాపెన్‌కూ మధ్యనున్న అయిదింటినే రేస్ డైరెక్టర్ ముందుకు పంపించారు, తర్వాతి ల్యాప్ దాకా ఆగవలసిన సేఫ్టీ కార్‌ను అదే ల్యాప్‌లో లోపలికి పిలిచారు. కొత్త టైర్లున్న వెర్స్టాపెన్ మిగిలిన ఒక్క ల్యాప్‌లో దాటేశాడు. ఆ సీజన్‌లో 10 రేసులు గెలిచిన వెర్స్టాపెన్ ఛాంపియన్ కాదగినవాడే, ఆ ల్యాప్‌లో అతను చేసిన తప్పేమీ లేదు. కానీ అరిగిన టైర్లతో బయటే ఉండాలన్న హామిల్టన్ బృందం నిర్ణయం ఒక నియమాన్ని నమ్మి తీసుకున్నది, ఆ నియమాన్నే నిర్ణయం తర్వాత వంచారు. మరుసటి ఏడాది నిబంధనలో "ఏ కార్లనైనా" అన్న మాటను "అన్ని కార్లనూ" అని మార్చారు. మాట మార్చవలసి వచ్చిందంటేనే ఆ రాత్రి లెక్క డ్రైవర్ల చేతిలో లేదని ఒప్పుకున్నట్టు.

ఇలా నా తీర్పులన్నీ కుదురుకున్నాయనుకుంటున్న సమయంలో, 2025 డిసెంబరు చివర్లో దోహాలో మహిళల ప్రపంచ ర్యాపిడ్ చదరంగం ముగిసింది. మన కోనేరు హంపి 11 రౌండ్లలో 8.5 పాయింట్లతో అగ్రస్థానంలో మరో ఇద్దరితో సమంగా నిలిచింది. నియమం ప్రకారం టైటిల్ కోసం ఇద్దరే ఆడాలి. సహాయక లెక్కలో వెనకబడిన హంపికి కాంస్యం ఇచ్చి, అలెక్సాంద్రా గోర్యాచ్కినా, జు జినర్‌ల చేత ప్లేఆఫ్ ఆడించారు, గోర్యాచ్కినా గెలిచింది. ప్రతి రౌండ్‌లో దగ్గరి పాయింట్లున్నవారిని జత చేసే ఇలాంటి స్విస్ పద్ధతి టోర్నీలలో సమమైనవారిని వేరు చేయడానికి సాధారణంగా వారు ఎదుర్కొన్న ప్రత్యర్థులు ఎన్ని పాయింట్లు తెచ్చుకున్నారో చూస్తారు. రెండో రౌండ్‌లో మన చేతిలో ఓడిన మనిషి చివరి రౌండ్‌లో ఎక్కడో మూలబల్ల దగ్గర ఎలా ఆడుతుందన్నది మన పతకం రంగును మార్చగలదు. లెక్క ఆటగాడి చేతిలో లేకపోవడానికి ఇంతకంటే స్వచ్ఛమైన ఉదాహరణ నాకు దొరకదు. ముగ్గురు సమమైతే ముగ్గురినీ కూర్చోబెట్టి ఆడించాలి. ర్యాపిడ్ టోర్నీలో దానికి పట్టే అదనపు సమయం ఎంత? ఆ రాత్రి బాబాయికి ఫోన్ చేసి ఇదంతా ఆవేశంగా చెప్పాను. ఆయన అంతా విని, "మరి హంపి మొదటిసారి ర్యాపిడ్ ఛాంపియన్ అయినప్పుడు ఎంతమంది సమంగా ఉన్నారో చూశావా?" అని అడిగారు.

చూశాను. 2019 డిసెంబరు, మాస్కో. లార్డ్స్ మీద, న్యూజిలాండ్ తరఫున, నేను వాదిస్తూ తిరిగిన ఆ ఏడాదే. 12 రౌండ్ల తర్వాత 9 పాయింట్లతో ముగ్గురు. హంపి, చైనాకు చెందిన లీ టింగ్‌జీ ప్లేఆఫ్ ఆడారు. హంపి మొదటి గేమ్ ఓడి, రెండోది గెలిచి, డ్రా అయినా నల్లపావులకే గెలుపు దక్కే ఆర్మగెడ్డాన్ అనే ఆఖరి గేమ్‌ను నల్లపావులతో డ్రా చేసుకుని ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆ గేమ్‌లు నాకు ఎత్తు తర్వాత ఎత్తు గుర్తున్నాయి. అదే 9 పాయింట్లతో, ఆడే అవకాశం లేకుండా, కాంస్యంతో పక్కన నిలబడిన మూడో అమ్మాయి టర్కీకి చెందిన ఎకతెరీనా అతాలిక్. ఆ పేరు నేను ఆరేళ్ల తర్వాత, బాబాయి అడిగితే, పట్టికలో మొదటిసారి చదివాను.